నా ముఖంలో ముప్పై ఎనిమిది

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా హాస్టల్ వెనకాల తెల్లచీర తిరుగుతుందని జూనియర్లను హడలగొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ చీర నేను ఆరేసిన దుప్పటే. కాబట్టి ఇది చదివి నాకు తాయెత్తు కట్టించుకోమని చెప్పకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

నేను తార్నాక పక్కనే ఉన్న క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పని ఒక మొబైల్ యాప్ మీద. మనిషిని ముట్టుకోకుండా, ఫోన్ కెమెరా ముఖం వైపు పెడితే చాలు, నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెబుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం రంగు మన కంటికి అందనంత కొద్దిగా మారుతుంది. కెమెరాకు అది అందుతుంది. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు.

ఆపరేషన్ అయినవాళ్ల మంచాల దగ్గరికి వెళ్లి, యాప్ చెప్పిన అంకెనూ, పక్కనున్న మానిటర్ చూపే అంకెనూ రాసుకుని పోల్చి చూడడం నా రోజువారీ పని. అర నిమిషం కదలకూడదు, మాట్లాడకూడదు. మాట్లాడారో, మళ్లీ మొదటికొస్తుంది.

పోయిన ఏడాది అమ్మకు గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయన్నారు. మా ఇల్లు వారాసిగూడలో. తార్నాకలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. కడుపుకు చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తారు, మర్నాడే ఇంటికి పోవచ్చు అన్నారు. అయినా ముందురోజు అమ్మ బీరువా తాళాలు నా చేతిలో పెట్టింది. "ఏందమ్మా ఈ నాటకాలు" అని కసురుకున్నాను. అలా కసురుకున్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఉదయం లోపలికి తీసుకెళ్లే ముందు అమ్మ ముఖం మీద యాప్ పెట్టి చూశాను. ఎనభై నాలుగు. చెయ్యి పట్టుకుని లెక్కపెట్టినా అంతే. పదిన్నర దాటాక స్ట్రెచర్ థియేటర్‌లోకి వెళ్లింది. నాన్న మందుల చీటీ పట్టుకుని కిందికి దిగాడు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.

నా పక్కన లాలాగూడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. ఆమె భర్తకు ఆ రోజే హెర్నియా ఆపరేషన్. ఒళ్లో బైబిల్ పెట్టుకుని కళ్లు మూసుకుంది. నాకు ఏం చెయ్యాలో తోచక, నా కంగారు ఏ పాటిదో చూద్దామని యాప్‌ను నా వైపు తిప్పుకున్నాను.

నలభై నాలుగు.

నవ్వొచ్చింది. ఇన్నేళ్ల నా కష్టం ఇంత అందంగా తగలడిందా అనుకున్నాను. మణికట్టు పట్టుకుని లెక్కపెడితే నూట పన్నెండు. ట్యూబ్‌లైటు వల్ల అయి ఉంటుందని కిటికీ వైపు జరిగి మళ్లీ పెట్టాను. ముప్పై ఎనిమిది. చేత్తో చూస్తే మళ్లీ నూట పైనే.

ముప్పై ఎనిమిదంటే ఏమిటో వార్డుల్లో తిరిగే నాకు తెలుసు. మానిటర్ మీద ఆ అంకె కనబడితే సిస్టర్లు పరుగెత్తుతారు. ఇది నా నాడి కాదు అని అప్పుడే అనిపించింది. ఎందుకనిపించిందో చెప్పలేను. లేచి థియేటర్ తలుపు తట్టాను. సిస్టర్ తల మాత్రం బయటపెట్టి, "ఏం కాలేదమ్మా, కూర్చోండి" అని తలుపు వేసేసింది. ఆ గొంతులో తొందర నాకు వినిపించింది.

మూడోసారి పెట్టాను. "నాడి దొరకలేదు" అని వచ్చింది. మనిషి కదిలితే వచ్చే మాటలే అవి. వాటిని యాప్‌లో పెట్టింది కూడా నేనే. వందలసార్లు చూశాను. ఆ రోజు మాత్రం ప్రాణం పోయినంత పనైంది.

నేను కదిలితే అమ్మకు ఏదో అయిపోతుందని పిచ్చి భయం పట్టుకుంది. ఫోన్ ముందు బిగుసుకుని కూర్చున్నాను.

"ఏంది బిడ్డా, తల్లి లోపట ఉన్నది, నువ్వు గీడ కూసోని ఫోటోలు దిగుతున్నవా?" అంది పెద్దావిడ.

నేను నోరు తెరవలేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం కారిపోతున్నాయి. ఆమె అది చూసి, జరిగి నా వీపు మీద చెయ్యి వేసింది. "మీ అమ్మ పేరేంది? చెప్పు, ప్రార్థనల వెడ్తా."

రీడింగ్ పోతే పోయిందని "పద్మ" అన్నాను.

మళ్లీ పెట్టేసరికి అరవై ఒకటి. ఆ తర్వాత తొంభై ఆరు.

ఆపరేషన్ అయ్యాక మత్తు డాక్టరు బయటికొచ్చి, "రంధ్రాలు పెట్టేందుకు కడుపు ఉబ్బేలా గ్యాస్ నింపుతాం, అది నింపగానే గుండె బాగా నెమ్మదించింది. అప్పుడప్పుడు అట్లా అవుతుంది. ఇంజెక్షన్ ఇచ్చాం, తేరుకున్నారు" అన్నాడు. ఎంతకు పడిపోయిందని అడిగాను. చేతిలో కాగితం చూసి చెప్పాడు. ముప్పై ఎనిమిది. పదకొండు గంటల ఏడు నిమిషాలకు. నా ఫోన్‌లో ఆ రీడింగ్ పదకొండూ ఐదుకు నమోదైంది. థియేటర్ గడియారం రెండు నిమిషాలు ముందుంటుందని తర్వాత సిస్టర్‌ను అడిగి తెలుసుకున్నాను.

మర్నాడు అదే బెంచీ మీద, అదే సమయానికి కూర్చుని యాప్ పెట్టుకున్నాను. డెబ్బై ఎనిమిది. చేత్తో చూసినా డెబ్బై ఎనిమిదే.

మా గైడ్ సార్ ఓపిగ్గా విన్నారు. చేతులు వణికి ఉంటాయి, వెలుతురు సరిగ్గా ఉండి ఉండదు, మిగతాది కాకతాళీయం, పక్కన మానిటర్ లేని రీడింగ్‌కు విలువ లేదు, తీసెయ్యమన్నారు. ఏ విద్యార్థి అయినా నా దగ్గరికొచ్చి ఇదే చెబితే నేనూ అదే అంటాను. కానీ తీసెయ్యలేకపోయాను. థీసిస్‌లో పెట్టే ధైర్యమూ లేదు. అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్ని నెలలయ్యాక అమ్మకు చెప్పాను. ఆమె దాన్ని హాయిగా వేళాకోళంలోకి దింపేసింది. హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఆరోగ్యం ఎట్లుందని అడిగితే, "నన్నెందుకు అడుగుతవే, ఫోన్ల నీ మొకం చూస్కో, తెలుస్తది" అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను.

ఆ తర్వాత ఎందరి ముఖాల మీద ఆ యాప్ పెట్టానో. నా ముఖం వైపు మాత్రం మళ్లీ తిప్పుకోలేదు. క్యాంపస్ నుంచి మా ఇంటికి ఆటోలో పావుగంట పడుతుంది. తక్కువ అంకె ఏదైనా కనబడితే ఆ పావుగంట ఎట్లా గడపాలో నాకు తెలియదు.