మా అత్త ఈదేది

మా అత్త పోయిందని మామ ఫోను చేశాడు. పులివెందులలో బస్సెక్కి జమ్మలమడుగు చేరేసరికి ఇంటి ముందు ఫ్లెక్సీ కూడా కట్టేశారు: "ఆదర్శ గృహిణి, అన్నపూర్ణ." నాకు ఒళ్లు మండింది. మా నాన్న చెల్లెలు ఒకప్పుడు ఫ్రీస్టయిల్ ఈతలో రాష్ట్రానికే ఫస్టు వచ్చిందన్న మాట అందులో లేదు. అడిగితే, "ఇప్పుడెందుకు పాపా అవన్నీ" అన్నాడు మామ.

దువ్వూరు దగ్గర వాళ్లమ్మమ్మ ఊరి కాలవలో ఈత నేర్చుకుందట. తిరుపతి కాలేజీలో కోచ్ చేతిలో పడ్డాక ఆమెను అందుకునేవాళ్లే లేకపోయారు. "నీళ్లను కొట్టగూడదు పాపా. పట్టుకోని యెనక్కి తొయ్యల్ల" అంటూ బకెట్లో నా చెయ్యి ముంచి మరీ చూపించేది.

గెలిచిన మరునాడు పేపర్లో ఈతదుస్తులతో ఫోటో పడింది. ప్రొద్దుటూరులో మా తాతది కిరాణా అంగడి. పరువు పోతుందని తెల్లారకముందే బస్టాండుకు పోయి పేపర్లన్నీ కొనేశాడు. తర్వాతి కథ అత్త నోటే వినాల్సింది. "కొన్న్యాడు సరే, అంగడి మనిషి గదా, పారేసేకి మనసొప్పల్యా. చింతపండు, బెల్లం అన్నీ వాటిల్లోనే కట్టిచ్చె. సింహాద్రిపురం దాకా ఇంటింటికీ పోయినా నేను!" అని పడీపడీ నవ్వేది.

నాకు మాత్రం నవ్వు రాదు. ఆ పొట్లాలు చూసి నలుగురూ నాలుగు మాటలన్నందుకే తాత ఆమెను జాతీయ పోటీలకు పంపలేదు. గబగబా పెళ్లి చేసేశాడు. మామ పెట్టిన షరతు ఒక్కటే, ఇక నీళ్లలో దిగకూడదు.

దిగలేదు. పాలు కాగేదాకా పొయ్యి దగ్గర నిలబడి భుజాలు తిప్పుకునేది, అంతే. ఓసారి మైలవరం డ్యాంకు పోతే కారే దిగలేదు. "రా అత్తా, నిండుగా ఉండాయి నీళ్లు" అని పిలిచాను. "వద్దులే పాపా, దగ్గరికొస్తే ఆగలేను" అంది. మామ గమ్మున కారు అద్దం పైకెత్తాడు. ఆయన్ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

నా చదువు మాన్పిస్తామన్నప్పుడు నాన్నతో కొట్లాడింది ఆమె ఒక్కతే. "అన్నా, దీన్ని గూడా గట్టున నిలబెట్టాకు" అంది. ఈరోజు నేను టీచర్నంటే అది ఆమె చలవే.

మూడో రోజు అస్థికలు కలపడానికి పెన్నకు బయలుదేరారు. ఆడవాళ్లు రాకూడదన్నారు. వెళ్లాను. ఏట్లో చుక్క నీరు లేదు. ఇసుకలో చెలమ తవ్వితే మోకాలి లోతు కూడా ఊరలేదు.

"డ్యాం కాడికి పోదాం మామా, ఆడ నీళ్లుండాయి" అని బతిమాలాను.

"ఎండ ముదురుతాంది. యాడైతే ఏముంది, నీళ్లే గదా" అని కుండ వంచేశాడు.

బూడిద చెలమంతా పరుచుకుని పైనే తేలింది. "ఏందబ్బా, మునగదే!" అంటూ మామ పుల్లతో అదుముతూనే ఉన్నాడు.