వెంకటేశులు సారు కొసరు

కదిరిలో ఎవరిని అడిగినా వెంకటేశులు సారు గురించి ఒకే మాట చెప్తారు. ఆ మనిషికి ఏదైనా సరిగ్గా అంతే ఇచ్చి ఊరుకోవడం చేతకాదు. పైన కొసరు వేయాల్సిందే.

ఆయన నాయన వీరప్ప శెట్టికి బజారులో చిల్లర అంగడి ఉండేది. బెల్లం తూచాక పైన చిన్న ముక్క, శెనగపప్పు తూచాక పైన గుప్పెడు, చింతపండు తూచాక పైన ఒక రెబ్బ వేయనిదే పొట్లం కట్టేవాడు కాదు. పెద్దాయన పోయాక అంగడి తమ్ముడికి వచ్చింది, అన్న డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పుకోవడానికి వెళ్ళాడు. పోతూ పోతూ ఇంట్లోని కొసరంతా మూట గట్టుకుని తనే తీసుకుపోయాడని తమ్ముడు ఇప్పటికీ అంటుంటాడు.

ఈ గుణం పెళ్ళి పీటల మీదే బయటపడింది. "మూడు ముళ్ళు ఎయ్యమంటే నాలుగేసినాడమ్మా" అంటుంది ఆయన భార్య రామసుబ్బమ్మ. "అయ్యవారు చెయ్యి పట్టుకుని లాగినా ఇడ్సలేదు. ఆ నాలుగోది ఇంతవరకూ వదులు కాలేదు." ఇది ఫిర్యాదో మురిపెమో వినేవాళ్ళు తేల్చుకోవాలి. రక్తదాన శిబిరంలో నర్సు సూది తీయబోతే, "అప్పుడే తీస్తావేందమ్మా, ఇంకొంచెం పట్టుకో" అన్నారని ఊరంతా చెప్పుకుంటారు. ఒకసారి అంజినప్ప అనే కుర్రాడి జవాబు పత్రం చూసి ముచ్చటపడి నూటికి నూటొక్క మార్కులు వేశారు. పరీక్షల విభాగం వాళ్ళు సంజాయిషీ రెండు కాపీలు పంపమన్నారు. సారు మూడు పంపారు.

క్లాసులో అయితే చెప్పనక్కర్లేదు. "ఎప్సిలాన్ అంటే ఏందప్పా?" అని అడిగి, పిల్లలు నోరు తెరిచేలోగా ఆయనే చెప్పేసేవారు. "కొసరు! ఎంత చిన్నదైనా పరవాలేదు, సున్న మాత్రం కాకూడదు!" పెద్ద పెద్ద పుస్తకాలు మూడు చాప్టర్లలో చెప్పే సంగతి ఆ ఒక్క ముక్కతో పిల్లల బుర్రకెక్కేది. కానీ గంట కొట్టాక కూడా ఆయన బోర్డు వదిలేవారు కాదు. అప్పుడు కొత్తదేమైనా చెప్తారా అంటే అదీ లేదు. ఆ రోజు మొదట చెప్పిందే మళ్ళీ చెప్పేవారు. ముందు బెంచీల వాళ్ళు ఆవులించేవారు. తర్వాతి క్లాసు తీసుకోవాల్సిన కామర్స్ హరినాథ్ సారు వరండాలో హాజరు పట్టీ చంకన పెట్టుకుని నిలబడి అరిచేవారు.

"గంట కొట్టి పది నిమిషాలాయ సార్!"

"కొసరప్పా, కొసరు! ఐపోయ!"

తనకల్లు నుంచి రోజూ బస్సులో వచ్చి, వగర్చుకుంటూ వెనక బెంచీలో కూలబడే నాగజ్యోతి కూడా అందరితో పాటే నవ్వేది. అప్పట్లో నవ్వడానికి ఆమెకు అడ్డేమీ లేదు. ఇప్పుడు పదేళ్ళు గడిచి, అదే కాలేజీలో గెస్ట్ లెక్చరరై, అదే సారు దగ్గర పరిశోధన చేస్తూ, ఆ కొసరు తన పీకల మీదికే వచ్చినప్పుడు మాత్రం నవ్వు రావడం లేదు.

సంగతేమిటంటే, నాగజ్యోతి పిహెచ్.డి.లో చేరి ఆరేళ్ళయింది. ఒక రకం అనంత శ్రేణి తన గమ్యాన్ని ఎంత తొందరగా చేరుతుందో ఆమె తేల్చింది. ఆమె మాత్రం తన గమ్యం చేరకుండా ఉన్నచోటే ఉండిపోయింది. ఈ నెలాఖరు సాయంత్రం ఐదులోగా ఒక పత్రికకు పేపరు పంపి, అందినట్టు వాళ్ళిచ్చే నంబరు చూపించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు అని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. ఈ ఆరేళ్ళలో నాలుగేళ్ళు వాన మొహం చాటేసినా, శెనక్కాయ పంట చేతికి రాకపోయినా, "నువ్వు సదువు ఇడ్సొద్దు" అన్న తల్లి హనుమంతమ్మకు ఆ కాగితం సంగతి ఆమె చెప్పనే లేదు.

ఎంచుకున్న పత్రికకు ఒక నియమం ఉంది. ఇరవై పేజీలు దాటకూడదు. ఇరవై ఒకటో పేజీ ఉంటే వాళ్ళ వెబ్‌సైటే ఫైలును గడప తొక్కనివ్వదు. నాగజ్యోతి పద్ధతిగా పద్దెనిమిది పేజీలు రాసి, "ఒకసారి చూడండి సార్" అని ఆయన చేతిలో పెట్టింది. అది ముప్పై మూడు పేజీలై తిరిగొచ్చింది.

ప్రతి సిద్ధాంతానికీ ఆమె రాసిన రుజువు కింద ఇంకో రుజువు మొలిచింది. అసలైన సిద్ధాంతానికైతే ఏకంగా రెండు మొలిచాయి. ఉదాహరణ ఒకటి ఉన్నచోట రెండయ్యాయి. ముఖ్య పదాలు ఐదు ఇవ్వమని పత్రిక వాళ్ళు అడిగితే ఆరు ఇచ్చారు.

"సార్, ఇరవై దాటకూడదంట."

"ఇరవై అడిగినోళ్ళకు ముప్పైమూడు ఇస్తాండాం. వాళ్ళకేం నష్టమమ్మా?"

"వాళ్ళు తీసుకోరు సార్."

సారు కళ్ళజోడు తీసి ఆమె వంక నిజంగానే విస్తుపోయి చూశారు. "కొసరు వద్దనేటోళ్ళు గూడా ఉంటారా?"

ఆ రోజు నుంచి సారు ఇంట్లో కోత మొదలైంది. నాగజ్యోతి ఒక రుజువు కొట్టేస్తుంది. సారు పెద్దమనిషిలా తలూపుతారు. ఆమె మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళి వచ్చేసరికి మార్జిన్‌లో పెన్సిలుతో ఒక సూచన పుట్టి ఉంటుంది. మర్నాటికి ఆ సూచన పెరిగి పెద్దదై అరపేజీ అవుతుంది. మూడు రోజులు కష్టపడి ఆమె పదకొండు పేజీలు తీసేస్తే, పేపరు ముప్పై నాలుగు పేజీలకు వచ్చింది.

నెలాఖరు రోజు పొద్దున్నే ఆమె వెళ్ళేసరికి సారు ఉత్సాహంగా ఎదురొచ్చారు. "జ్యోతమ్మా, రాత్రి పడుకున్నాక తోచింది చూడు. మూడో సిద్ధాంతానికి ఇంకా సులువుగా..."

నాగజ్యోతికి ఎక్కడలేని కోపం వచ్చింది. "సార్, మీ కొసరు తీసుకుపోయి మీ అంగట్లో పెట్టుకోండి! నా ఆరేండ్లు పోతాండాయి ఈడ!"

అనేసి నాలుక కరుచుకుంది. పదేళ్ళలో ఆ మనిషి ముందు ఆమె గొంతు పెంచింది లేదు. వంటింట్లో రామసుబ్బమ్మ చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. సారు చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"నిజమేమ్మా," అన్నారు మెల్లగా. "నువ్వు పోయి క్లాసు చూసుకునిరా. నేనే తీసేస్తా."

ఆమె కాలేజీకి వెళ్ళింది గానీ క్లాసులో ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. సారు తీస్తారన్న నమ్మకం లేదు. అన్న మాటకు సిగ్గు వేరే పీకుతోంది. భోజనాల వేళ స్టాఫ్ రూములో హరినాథ్ సారు డబ్బా విప్పుకుంటూ పలకరించారు.

"ఏం నాగజ్యోతీ, మొగం అట్ల పెట్టినావు?"

"వెంకటేశులు సార్ కొసరుతో చచ్చిపోతాండా సార్. మీకు తెలీదా, మూడేండ్లు వరండాలో నిలబడినారు గదా మీరు."

"తెలీకేం! నా కాళ్ళ నొప్పులన్నీ ఆ వరండా పుణ్యమే." ఆయన ముద్ద కలుపుతూ నవ్వారు. "నువ్వు రాని రోజు మాత్రం నాకు హాయి."

"నేను రాని రోజా?"

"నువ్వు రాని రోజు రెండే రెండు నిమిషాలు. అది ఆయప్ప ఒంటి గుణం, పోదు. నువ్వొచ్చిన రోజే అసలు కొసరు. నీ బస్సు పది నిమిషాలు లేటయితే పది. పావుగంటయితే పావుగంట. ఒకరోజు దోవలో నీ బస్సు టైరు పగిలింది చూడు, ఆ రోజు నేను క్లాసుకు దండం పెట్టి ఇంటికి పోయినా. నీకు తెలీదా ఏంది?"

నాగజ్యోతికి తెలియదు. గంట కొట్టాక సారు మళ్ళీ మొదటి నుంచి చెప్తుంటే అందరూ ఆవులించడమూ, తను మాత్రం గబగబా రాసుకోవడమూ గుర్తొచ్చాయి. ఆ మొదటి పది నిమిషాలు ఆమె ఏనాడూ విననివి. లెక్కల్లో మొదటి పది నిమిషాలు పోతే మిగతా యాభై నిమిషాలు ఉన్నా లేనట్టే. ఇంత చిన్న సంగతి తట్టని తను అనంత శ్రేణుల మీద పేపరు రాస్తోంది.

"నాకెందుకు చెప్పలేదు సార్ మీరు?"

"చెప్పొద్దన్నాడు. ఆ పాప సిగ్గుపడి మానుకుంటాదేమో అన్నాడు. నేనొకసారి గట్టిగానే కొట్లాడినాలే, ఏందప్పా ఈ కొసరు అని. వాళ్ళ నాయన మాట చెప్పినాడు. కొసరు ఎక్కువ ఇచ్చేదానికి కాదంట. తక్కెడ ఎప్పుడన్నా తప్పు చెప్పింటాది, ఎవురూ తక్కువ పట్టుకుని ఇంటికి పోగూడదు, అందుకని ఏస్తారంట. ఇంగ నేనేం మాట్లాడేది? నిలబడుకున్నా."

నాగజ్యోతి డబ్బా మూత కూడా తీయకుండా ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఆ రెండో రుజువులు ఒక్కొక్కటీ కళ్ళ ముందు తిరిగాయి. ఆమె రాసిన రుజువులు చిన్నవి, గట్టివి. తెలిసినవాళ్ళు మెచ్చుకుంటారు. సారు రాసినవి పొడుగ్గా, చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టు ఎక్కించేవి. యాడనో వెనక బెంచీలో, అడగడానికి ఎవరూ లేని ఒక పిల్ల కోసం రాసినవి. వాటినే తను అంగట్లో పెట్టుకోమంది.

ఆమె సారు ఇల్లు చేరేసరికి ఆయన చాప మీద కూర్చుని ఉన్నారు. ఒక పక్క పెన్సిలుతో గుర్తులు పెట్టిన పేపరు. ఇంకో పక్క, తీసేసిన పేజీలు చుట్టి దారం కట్టి, అచ్చం అంగడి పొట్లంలా పెట్టారు.

"పందొమ్మిదిన్నర వచ్చిందమ్మా," అన్నారు తలెత్తకుండా. "అరపేజీ ఖాళీ. ఏమీ రాయలేదు."

రామసుబ్బమ్మ నాగజ్యోతిని పక్కకు లాగింది. "పొద్దున్నుంచి ఒక్కొక్క కాగితం తీస్తాంటే నాకే చూడలేకపాయ తల్లీ. మధ్యాన్నం అన్నం గూడా పెట్టినంతే తిన్నాడు. మారు అడగలేదు!"

నాగజ్యోతి వచ్చి చాప పక్కన కూర్చుంది. "సార్, పొద్దున తప్పుగా మాట్లాడినా," అంది. "తనకల్లు బస్సు ఎప్పుడూ లేటే గదా సార్."

సారు ఒక్క క్షణం ఆమెను చూసి, చూపు తిప్పుకున్నారు. "హరినాథు నోట్లో నువ్వుగింజ నానదు. టైమవుతాది, కంప్యూటర్ తియ్యి."

ఆయన గుర్తుల ప్రకారం ఆమె ఫైలులోంచి ఒక్కొక్కటీ తీసేసింది. తీస్తున్నప్పుడల్లా పక్కన సారు గాలి పీల్చుకుంటున్న చప్పుడు వినిపించింది. పేర్లు నింపారు, ఊరు నింపారు. ముఖ్య పదాల దగ్గర ఆరోదాన్ని సారే వేలుతో చూపించి, "తీసెయ్" అన్నారు. నాలుగుంబావుకు వెబ్‌సైటు ఫైలు తీసుకుంది. పచ్చటి గుర్తు పడింది. నాగజ్యోతి తర్వాతి పేజీకి వెళ్ళి, అక్కడున్నది చదివి, మళ్ళీ చదివింది.

"ఏమాయమ్మా, తోసేసినాడా?"

ఆమె లాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పింది. అక్కడ ఒక ఖాళీ పెట్టె ఉంది. పైన ఇంగ్లీషులో రాసి ఉన్నదాని అర్థం ఇదీ: పేపరుతో పాటు పాఠకులకు ఉపయోగపడే అదనపు విషయం ఏదైనా ఉంటే ఇక్కడ జతచేయండి. తప్పనిసరి కాదు. పేజీల పరిమితి లేదు.

వెంకటేశులు సారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. ఆయన మొహం చాటంత అయింది.

"ఏమే, ఇట్ల రా!" అని భార్యను కేకేశారు. "ఈ పత్రిక పెట్టినోళ్ళ నాయన గూడా అంగడోడే!"

అంతలోనే గడియారం చూసి తగ్గారు. "వద్దులేమ్మా. నీ నంబరు ముఖ్యం. పంపించెయ్."

"తక్కెడ తప్పు చెప్పింటే సార్?" అంది నాగజ్యోతి.

సారు పొట్లం దగ్గరికి జరిగి దారం విప్పడం మొదలుపెట్టారు. తీసేసినవన్నీ పాత ఫైలులో ఉండనే ఉన్నాయి. నాగజ్యోతి వాటిని వేరే ఫైలు చేసింది. ఆయన జేబులో నాలుగు మడతలు పడి ఉన్న మూడో సిద్ధాంతం ముక్కను తనే అడిగి తీసుకుని, టకటకా టైపు కొట్టి చేర్చింది. పైన ఏం పేరు పెట్టాలో ఆయన్ని అడగలేదు. 'మొదటి రుజువు అందనివారికి' అని ఇంగ్లీషులో రాసి, జతచేసి, పంపే బటను నొక్కింది.

నాలుగూ నలభై ఎనిమిదికి నంబరు వచ్చింది. ఆమె దాన్ని యూనివర్సిటీ ఆఫీసుకు పంపించి, అక్కడి నుంచి అందినట్టు జవాబు చూసి, అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఆరేళ్ళు నిలబడ్డాయి. రామసుబ్బమ్మ ముగ్గురికీ అని నాలుగు గ్లాసుల కాఫీ తెచ్చింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ రోగం ఆమెకూ అంటుకుంది.

సారు కాఫీ ముట్టలేదు. తెర మీద ఆ బటనునే తదేకంగా చూస్తున్నారు.

"జ్యోతమ్మా, దాన్ని ఇంకొకసారి నొక్కు."

"ఎందుకు సార్? పోయింది గదా!"

"ఊరికెనే. కొసరుకు."

నాగజ్యోతి లాప్‌టాప్ టక్కున మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.