ప్రసన్న చేతి తప్పు

ఒక అబద్ధాన్ని గొంతులో చేపముల్లులా పెట్టుకుని ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాను. మింగలేను, కక్కలేను. ఇవాళ మీతో చెప్పేస్తాను. నన్ను ఏమనుకున్నా సరే.

నేను ముమ్మిడివరం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఒక ఏడు సైన్సు ఫెయిర్ కోసం పిల్లల చేత ఊళ్లో బావుల నీళ్లు తెప్పించి, ఉప్పదనం కొలిపించాను. కొలిచేది జేబులో పట్టే చిన్న మీటరు. ఎనిమిదో తరగతి ప్రసన్న తన పేట బావి నీళ్లు తెచ్చింది. అన్ని బావుల కంటే ఆ అంకె చాలా ఎక్కువ వచ్చింది.

నాకు చూడగానే అర్థమైంది. ఆ పేటను ఆనుకునే ఉప్పునీళ్ల రొయ్యల చెరువు ఉంది. ఆ చెరువు మాది. వరిచేను తవ్వించి మా ఆయన వేయించింది. బావిలోకి ఉప్పు దిగుతోందని పేటవాళ్లు మొత్తుకుంటే, "రుజువేదండీ?" అని ఆయన ఎదురు అడిగేవారు. ఆ రుజువు ఇప్పుడు ఈ పిల్ల చేతిలో ఉంది.

"మేడం గారండీ, మూడుసార్లు చూసేనండి. కడిగి మళ్లీ చూసేనండి. వాన నీళ్లలో పెడితే సరిగ్గానే చూపిస్తందండి."

"అది నీ చేతి తప్పేనమ్మా. కొలవడం అందరికీ రాదు. చార్టులో ఆ అంకె కొట్టెయ్."

ప్రసన్న మీటరుకు మూత పెట్టింది. "ఆయ్," అంది. కొట్టేసింది.

మళ్లీ మళ్లీ కొలిచినా అదే వస్తే నమ్మాలని, తెలిసిన నీళ్లతో మీటరును సరిచూసుకోవాలని ఆ పిల్లకు నేర్పింది ఎవరు? నేనే. నేర్పింది తు.చ. తప్పకుండా చేసినందుకే కదా శిక్ష వేశాను? భయపడ్డానా, లేక ఆ పేట పిల్ల మాట ఎవరు వింటారులే అన్న ధీమానా? రెండోదే ఎక్కువేమో. ఛీ, నా చదువెందుకు! మా చార్టుకు మొదటి బహుమతి కూడా వచ్చింది.

ప్రసన్న ఇంటర్లో సైన్సు తీసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు. అడిగే మొహం ఉందా నాకు?

మొన్న అమలాపురంలో ఒక బట్టల కొట్లో కనిపించింది. అక్కడే పని చేస్తోందట. "బాగున్నారా మేడం గారండీ," అంటూ కుర్చీ వేసింది. లైనింగు గుడ్డ అడిగాను. టేపుతో కొలిచింది. మళ్లీ కొలిచింది. కత్తెర పట్టుకుని ఆగిపోయి, టేపు నా చేతికిచ్చింది.

"మీరోసారి చూడండి. కొలతంటే నా చేతి మీద నాకు నమ్మకం ఉండదండి," అని నవ్వింది.

కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు.

"సరిగ్గానే ఉందమ్మా," అన్నాను. గుడ్డ గురించే అన్నాను. బావి గురించి చెప్పడానికి నోరు రాలేదు.

ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు మీటరు సరైనదే. నీళ్లు ఉప్పే. ప్రసన్న చేతిలో ఏ తప్పూ లేదు. ఈ నాలుగు ముక్కలూ రాసేసరికి కాస్త ఊపిరాడింది. ఆ పిల్లకు మాత్రం ఇంకా చెప్పలేదు.