సెలవుదాకా ఆగని ప్రీమియం

మా డ్రైవరన్న పోయిన కబురు నాకు రాయచోటిలో అందింది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాను. అక్కడ రుమైథియాలో మేమిద్దరం పనిచేసే ఇంటి యజమానురాలు, మేం 'మామా' అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి, ఏడుస్తూ, "డ్రైవర్ ఖలాస్" అంది. పొద్దున్నే కారు తుడుస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు ముందు ఏడుపు రాలేదు. బీరువా దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఇన్సూరెన్సు ప్రీమియం కట్టిన రసీదు చీరల మధ్య కనబడ్డాక అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆయనది కోనసీమ. నన్ను చెల్లెమ్మా అనేవాడు. ఆయన గదిలో కిరాణా కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు, దానికి దారంతో కట్టిన పెన్సిలు ఉండేవి. తెలిసినవాళ్లలో ఎవరి ప్రీమియం గడువు ఏ తేదీయో ఆ గడిలో వాళ్ల పేరు రాసుకునేవాడు. కట్టామని చెబితే టిక్కు పెట్టేవాడు. చెప్పకపోతే కువైట్‌లో ఆ చివర జహ్రాలో ఉన్నా, ఈ చివర ఫహాహీల్‌లో ఉన్నా ఫోన్ చేసి మరీ తిట్టేవాడు.

ప్రీమియం అనే మాట నేను మొదట విన్నది కువైట్ పెట్రోలు బంకులో. అక్కడ అది చౌక రకం. ఖరీదైన బియ్యం సంచి మీదా అదే మాట. ఆయన కట్టించేది వీటిలో దేనికీ చెందదని తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

"ఏమీ కాకపోతే ఆ దుడ్లు తిరిగి రావా? దండగ కదన్నా?" అని అడిగాను.

"పొద్దున్నే బండి తీసే ముందు టైర్లు చూత్తాను కదా. పంక్చర్ లేదనుకో, చూసిందంతా దండగైపోయిందని ఏడుత్తానా? హాయిగా బండెక్కి పోతాను. నువ్వు కట్టేది ఆ హాయికే."

మా గల్ఫువాళ్లకి ఒక జబ్బుంది. పన్ను పీకించుకోవడం, ఇంటికి సున్నం వేయించడం, పిల్ల చెవులు కుట్టించడం, అన్నీ సెలవుకే దాచుకుంటాం. "సెలవుకు పొయినప్పుడు రెండేండ్లది ఒకేసారి కడతాలేన్నా" అని నా మొదటి పాలసీ అలాగే పోగొట్టుకున్నాను.

"చావు నీ సెలవు దాకా ఆగుద్దేటి చెల్లెమ్మా?" అని ఆ రోజు నిజంగానే కోప్పడ్డాడు.

అలాంటి నా చేతికి ఈసారి తన ప్రీమియం డబ్బిచ్చాడు. ఏటా కట్టే బావమరిది కాలు విరిగి మంచంలో ఉన్నాడు. "ఏ ఊళ్లో కట్టినా ఒకటే. దిగిన వారంలో కట్టెయ్" అన్నాడు. వారం కాగానే ఫోన్ చేశాడు. కట్టేశానన్నాను. అబద్ధం. రేపు కడదాం, ఎల్లుండి కడదాం అనుకుంటూ మా పాప పుట్టువెంట్రుకల హడావిడిలో పడ్డాను. గడువు దాటింది. ఆ పైన కంపెనీ ఇచ్చే నెల రోజులూ కరిగిపోయాయి. చివరి రోజు తల దువ్వుకుంటుంటే ఆయన తిట్టు చెవిలో పడ్డట్టయింది. సగం జడతోనే ఆఫీసుకు పరుగెత్తాను. కౌంటరు మూయబోతున్నారు. కట్టేశాను.

మామా ఫోన్ వచ్చింది ఆ తర్వాత ఆరో రోజున. కట్టకపోయి ఉంటే పాలసీ ఆగిపోయేది, వదినకూ ఇద్దరాడపిల్లలకూ ఏమీ మిగిలేది కాదు.

నేను కువైట్ తిరిగొచ్చాక, పోయిన వారం వదిన ఫోన్ చేసింది. "డబ్బులొచ్చాయమ్మా. మీ అన్నయ్య మాట నిలబడింది" అంది. నా అబద్ధం సంగతి చెబుదామనుకుని, పిల్లల చదువుల గురించి అడిగి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ రాత్రి చాన్నాళ్లకు నిద్ర పట్టింది.

మర్నాడు అన్న గది సర్దమని మామా తాళం ఇచ్చింది. క్యాలెండరు గోడకే ఉంది. గడువు తేదీ గడిలో ఆయన తన పేరు రాసుకున్నాడు. పక్కనే టిక్కు, నా మాట నమ్మి గట్టిగా ఒత్తి పెట్టింది. ఆయన ఆ టిక్కు పెట్టిన రోజున ఆ డబ్బు ఇంకా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.