గులాబీ డబ్బా మూత తియ్యలేదు

నెల క్రితం మా మనవరాలు, తన బృందం ‘లంకగాలి’ కొత్త పాటల ఆల్బమ్‌కి మా కాలపు సినిమా బోర్డుల పద్ధతిలో అట్టబొమ్మ వేసి పెట్టమని, కంప్యూటర్ గీసిన నమూనా ఒకటి ఫోన్‌లో తెచ్చి చూపించింది. అందులో బృందం నలుగురూ గులాబీ రంగులో నిగనిగలాడుతున్నారు, డ్రమ్ములు వాయించే మా పిల్లతో సహా. మా వంశంలో అందరం నలుపే, దానిదీ అదే రంగు. చూడగానే నాకు ఒళ్లు మండింది.

ఆ గులాబీ నాకు కొత్త కాదు. మా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, సినిమా బోర్డయినా నాటకం తెరయినా ఆడవాళ్ల మొహాలన్నీ ఒకే డబ్బాలోంచి వచ్చేవి. అమలాపురంలో మా మేనమామగారి దగ్గర నేను బ్రష్షు పట్టిన రోజుల్లో, రాక్షసులకి తప్ప ఎవరికైనా నలుపు వాడితే ఆయన ఊరుకునేవారు కాదు. మా అక్క ఆర్కెస్ట్రాలో పాడేది. వాళ్ల బోర్డే నా మొదటి సొంత పని కావడంతో మురిసిపోతూ అక్కకి అక్క రంగే వేశాను గానీ, మామయ్య కేకలేసేసరికి భయపడి, నా చేత్తోనే దాని మీద గులాబీ పూసి, కింద సంతకం కూడా పెట్టుకున్నాను. ముమ్మిడివరంలో అక్క స్టేజీ ఎక్కగానే జనం, బోర్డు మీదున్న అమ్మాయి ఏదీ, ఈవిడెవరని గోల పెట్టారు. అక్క బెదరకుండా అన్ని పాటలూ పాడి, దిగి వచ్చి నన్ను ఒక్క మాట అడిగింది.

“నన్నెయ్యమంటే ఎవర్నో ఏసేవేంట్రా తమ్ముడూ?”



అందుకే ఈసారి మొండికేశాను. అక్షరాలకి నీడలు కొట్టాను, వెనకాల ఎర్రటి కిరణాలు పరిచాను, అంతా పాత పద్ధతే, మొహాలకి మాత్రం ఎవరి రంగు వాళ్లకే వేశాను. బృందంలో మిగతా పిల్లలు, రెట్రో అంటే అలాగే ఉండాలండీ తాతగారూ, డ్రమ్ముల అమ్మాయిని కాస్త తెల్లగా చెయ్యండని బతిమాలారు. అట్టయినా మానుకోండి గానీ రంగు మార్చనన్నాను. మనవరాలు ఫోన్‌లోంచి ఆ నమూనా తీసేసింది. అప్పుడు తృప్తిగా సంతకం పెట్టాను.

బోర్డులు రాసే చేతులకి పని పోయింది, ఆనాటి సినిమా హాళ్లు కల్యాణ మండపాలయ్యాయి, పోవలసిన ఆ గులాబీ మాత్రం భద్రంగా కంప్యూటర్‌లోకి చేరి కూర్చుంది. నిన్న సాయంత్రం ఆల్బమ్ విడుదల కచేరీలో మా పిల్ల స్టేజీ ఎక్కగానే, నా పక్క కుర్చీలో ఒకావిడ, “అట్ట మీదున్న పిల్ల ఈ అమ్మాయేనండీ, ఆయ్!” అంది. మా అక్క ఇరవయ్యేళ్లు పాడింది, ఆ మాట ఒక్కసారైనా వినకుండానే వెళ్లిపోయింది.