బొట్టు పెట్టని బొమ్మ

మా ఇంట్లో సిగరెట్టు పెట్టెలో వచ్చిన అట్టబొమ్మ ఒకటి ఉంది. అరచేతిలో సగం కూడా ఉండదు. బ్యాటు పట్టుకుని నిలబడిన క్రికెట్టు ఆటగాడు. మదరాసు గవర్నరు ఏలుబడిలో అచ్చయిన బొమ్మ. అయినా అంచులు ఇంకా చేతికి గుచ్చుకుంటాయి, రంగు నిన్ననే అద్దినట్టు ఉంటుంది. ఇట్లాంటివి పోగుచేసే సరదా ఉన్నవాళ్ళు చూసి, "దీనికి ఏం పూశారండీ?" అని అడుగుతారు. "మా మార్కాపురం రాయి మహిమ" అంటాను. తల ఊపి వెళ్ళిపోతారు. రాయి మహిమ కొంత ఉంది, కాదనను. మిగతాది చెప్పాలంటే వాళ్ళు కూర్చోవాలి. నిలబడి అడిగేవాళ్ళకు నిలబడి చెప్పే జవాబు అదొక్కటే.

చదువును నేను మూడో తరగతిలో మానేశాను. ఉన్నమాట చెప్పాలంటే అదీ నన్ను మానేసింది, ఇద్దరికీ ఏ కోపమూ లేదు. ఆ తర్వాత పలకల కార్ఖానాలో చేరాను. గనిలోంచి వచ్చిన నల్లరాయిని చదును చేసి, నున్నగా రుద్ది, నాలుగు వైపులా చెక్క చట్టం బిగించడం నా పని. నేను చేసిన పలకల మీద దిద్దుకున్నవాళ్ళు ఎక్కడెక్కడో గుమాస్తాలయ్యారు. నాకు రావలసిన చదువంతా అట్లా ఊళ్ళకు పంచేశాను.

మా అన్న ఆ పలకలను గడ్డి మధ్య పేర్చి, ఎద్దులబండి మీద మార్కాపురం రోడ్డు స్టేషనుకు తోలేవాడు. రైలు ఆగినప్పుడు పెద్దమనుషులు కొత్త సిగరెట్టు పెట్టె తెరిచి, లోపలి బొమ్మను కిటికీలోంచి పారేసేవాళ్ళు. అన్న వాటిని ఏరుకొచ్చేవాడు. తను సిగరెట్టు తాగడు. "పొగ వాళ్ళకు, బొమ్మ మనకు" అనేవాడు. పహిల్వాన్లు, గుర్రప్పందాల వాళ్ళు, బంతి తన్నేవాళ్ళు, అందరూ మా ఇంటికి చేరారు. ఒకరోజు ఈ క్రికెట్టు ఆటగాడు వచ్చాడు.

అమ్మ దాన్ని వెలుగులోకి పట్టుకుని చూసింది.

"ఏందిరా ఇది, గుడ్డలు బాదే కట్టె పట్టుకోని నిలబడినాడు?"

"ఆటమ్మా అది. దాంతో చెండు కొడతారు" అన్నాడు అన్న.

"తెల్లగుడ్డలు కట్టుకోని మట్టిలో ఆడతాడా? వీని పెండ్లాం ఎట్ల ఉతుకుతాదో, పాపం."

వదిన పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి తొంగిచూసింది. అన్నకు పెళ్ళై అప్పటికి ఎంతో కాలం కాలేదు. "అత్తా, గుడ్డలు కాదు, ముఖం చూడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చూశాం. మా అన్నే. ఒక కనుబొమ్మ పైకెత్తి, ఇప్పుడో ఇంకాసేపటికో నవ్వబోతున్నట్టు మూతి పెట్టి, టోపీ వెనక్కి నెట్టుకుని ఉన్నాడు.

"బండి తోలడానికి పోతానని చెప్పి, నువ్వు పొయ్యేది ఇందుకా అన్నా?" అన్నాను.

"ఎవురితో అనబాకురా. పలకలు ఎవురు మోస్తారు మళ్ళీ" అన్నాడు.

మిగతా బొమ్మల గతి చెబితేనే ఇది ఎట్లా మిగిలిందో తెలుస్తుంది. పహిల్వాన్లను గంజితో తలుపుకు అంటించాను, బొద్దింకలు గంజి కోసం వాళ్ళ కండలు నాకేశాయి. గుర్రాలను జేబులో వేసుకుని తిరిగాను, చెమటకు కరిగిపోయాయి. ఇంకొన్ని దూలం మీద పెట్టాను, చెదలు తిన్నాయి. ఎండ, పొగ, చెమట, చెద అని కాగితానికి శత్రువులు చాలామంది. అందరికన్నా పెద్ద శత్రువు ఇష్టం. ఇష్టమైనదాన్ని మనిషి చేత్తో తాకకుండా ఉండలేడు.

యుద్ధం వచ్చింది. బండి కిరాయిలు పడిపోయాయి. అన్న పటాళంలో చేరాడు. స్టేషన్లో రైలెక్కుతూ వదిన వైపు చూసి, మాట మాత్రం మా అందరికీ చెప్పినట్టు చెప్పాడు. "యూనిఫారంలో ఫోటో తీయించి పంపుతా. అందాక ఆ టోపీవాణ్ణి చూసుకోండి."

ఫోటో రాలేదు. ఉత్తరాలు కొన్ని వచ్చి ఆగిపోయాయి. ఆ తర్వాత సర్కారు కాగితం ఒకటి వచ్చింది. పోస్టుమాను చదివి, మళ్ళీ తనలో తను చదువుకుని, "సచ్చిపోయినాడని రాయలేదు. కనపడలేదని రాసినారు" అన్నాడు. మనిషి పోతే ఏం చేయాలో మా పెద్దలు చెప్పిపోయారు. కనపడకపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

అన్న ముఖమంటూ మాకు మిగిలింది ఆ బొమ్మ ఒకటే. వదిన దాన్ని పెట్టెలో చీర మడతల్లోంచి తీసి చూసుకునేది. అమ్మ పసుపు చేతులతోనే దాన్ని అందుకోబోయేది. ఇట్లా అయితే అన్న రెండోసారి కూడా కనపడకుండా పోతాడని నాకు భయం వేసింది. కార్ఖానాలో మంచి రాయి ఏరి రెండు చిన్న పలకలు చేశాను. చట్టం రాయికన్నా ఎత్తుగా ఉండేట్టు బిగించాను, మూసినా పై రాయి బొమ్మను తాకదు. ఒక పక్క తోలుముక్క కొట్టి పుస్తకంలా తెరుచుకునేట్టు చేశాను. బొమ్మను లోపల పడుకోబెట్టి, దారం చుట్టి, పొయ్యి పొగ తగలని గోడకు తగిలించాను. రాయి చెమటను రానివ్వదు, చెద పంటికి లొంగదు, ఎండ దాని లోపలికి పోదు. చూడాలంటే దారం విప్పాలి. విప్పేలోగా చేయి కడుక్కోవాలన్న సంగతి గుర్తొస్తుంది.

ఆ ఏడు పెద్దల అమావాస్యకు కొమరోలు నుంచి మా మేనత్త వచ్చింది, నాయనకు అక్క. పోయినవాళ్ళకు కొత్తబట్టలు పెట్టి, బొట్టు పెట్టి, వండినవి వడ్డించే రోజు అది. మా తాత బట్టల పక్కన నాయన ఇంకో కొత్త పంచె పెట్టాడు. ఎవరికని ఎవరూ అడగలేదు. మేనత్త మాత్రం గోడ వైపు చేయి చూపించింది.

"ఆ పలకలు దించురా తమ్ముడా. పిల్లోనికి బొట్టు పెట్టండి, నాలుగు మెతుకులు పెట్టండి. పెట్టకపోతే వాడు ఇంటి సుట్టే తిరుగుతాడు."

"తిరగనీలే వదినా" అంది అమ్మ. "ఇల్లు వానిదే గదా."

"ఆకలితో తిరుగుతాడే" అన్నాడు నాయన మెల్లగా.

"ఆకలైతే వచ్చి తింటాడు. సట్టిలో ఉండాది."

వదిన పొయ్యి ముందు కూర్చుని అలసంద వడలు వేస్తోంది. మాకు వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ బొమ్మ నుదుటన బొట్టు పడితే, ఆ పూటే ఈమె నుదుట బొట్టు తుడిచి గాజులు పగలగొడతారు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. వడ మాడుతున్న వాసన వచ్చింది. వదిన దాన్ని తీయలేదు.

"సచ్చిపోయినాడని నీకు ఎవురు చెప్పినారు? కాగితంలో ఉందా?" అంది అమ్మ.

నాకు ఊరుకోవడం చేతకాదు. "అత్తా, ఆ బొమ్మలోవాడు యాడనో బతికే ఉంటాడు. మనం బొట్టు పెడితే వాడు ఆటలో ఔటైపోతాడు" అన్నాను. ముందు అమ్మే నవ్వింది. నవ్వుతూనే లేచి, పలకలను తనే దించి, కొంగుతో తుడుచుకుంటూ లోపలి గదిలోకి తీసుకుపోయింది. కాసేపటికి తెచ్చి మళ్ళీ గోడకు తగిలించింది. ఆ తర్వాత ప్రతి పెద్దల అమావాస్యకూ అదే వరస. పలకలు దించి దుమ్ము దులిపే పని తనదే. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. నాయన కాకికి అన్నం పెట్టి, ఆకులో ఒక పక్కన ఇంకో ముద్ద ఎవరికో పెట్టి, తను తినేవాడు.

నాకు దయ్యాల భయం లేదు. కార్ఖానాలో దయ్యం కథలు చెప్పి అందరినీ బెదిరించేవాణ్ణి నేనే. కానీ ఆ ఏళ్ళలో మా ఇంట్లో ఎవరో ఒకరు ఎక్కువగా ఉన్నట్టే ఉండేది. వదిన నింపిన నీళ్ళచెంబు ఒకటి ఎప్పుడూ అరుగు మీద ఉండేది. బండెద్దుల గంటలు వీధిలో వినిపిస్తే అందరి మాటా ఒకేసారి ఆగేది. బండి మా గుమ్మం దాటాక, ఆగిన చోటు నుంచే మాట మళ్ళీ మొదలయ్యేది. అన్న తోలిన ఎద్దులు అమ్ముడుపోయి గిద్దలూరు వైపు ఎప్పుడో వెళ్ళిపోయాయని మా అందరికీ తెలుసు.

అంతకన్నా నన్ను భయపెట్టింది ఇంకొకటి. అన్న కలలోకి వచ్చేవాడు. మొదట్లో పంచె ఎగ్గట్టి, చేతిలో చర్నాకోలతో వచ్చేవాడు. పోనుపోను తెల్లబట్టలతో, టోపీతో, ఆ కట్టె పట్టుకుని రావడం మొదలుపెట్టాడు. అన్న చెవి పక్కన ఒక మచ్చ ఉండేది. అది కుడి చెవా ఎడమ చెవా అని ఒకరోజు రాయి రుద్దుతూ ఆలోచించాను. గుర్తు రాలేదు. బొమ్మలో మచ్చ లేదు. మేం అంత జాగ్రత్తగా దాచిన ముఖం అసలు ముఖాన్ని తినేసింది. అది కొత్తగా ఉన్నకొద్దీ ఇది చెరిగిపోతోంది. వదినకు చెంపల ఎముకలు తేలాయి, పాపిట దగ్గర జుట్టు పలచబడింది. గోడ మీద టోపీవాడు మాత్రం అదే కనుబొమ్మ ఎత్తి, అదే నవ్వు మొదలుపెట్టబోతూ ఉన్నాడు.

యుద్ధం ముగిసింది. వచ్చేవాళ్ళు వచ్చారు. వానలు బాగా పడిన ఒక ఏడు, పెద్దల అమావాస్య వెళ్ళిన కొద్దిరోజులకు, వదిన మధ్యాహ్నం కార్ఖానాకు వచ్చింది. అమ్మ చేనికి పోయి ఉంది. వదిన కొంగులోంచి ఆ పలకలు తీసి నా ముందు పెట్టింది.

"చెక్క ఉబ్బి సందు ఇచ్చింది, మరిదీ. చట్టం మార్చు. కింది రాయి వెనకపక్క మాత్రం తుడవబాకు."

"పలక తుడవడం తప్ప నాకొచ్చిన చదువేముంది వదినా? అది కూడా వద్దంటే ఎట్ల?" అన్నాను.

ఆమె నవ్వలేదు. నేను దారం విప్పి, బొమ్మను తీసి పక్కన కాగితం మీద పెట్టి, కింది రాయిని తిరగేశాను.

వెనక కుంకుమ ఉంది. ముందువైపు బొమ్మ నుదురు వచ్చే చోటుకు సరిగ్గా వెనక. ఒక్క ఏటి బొట్టు కాదు. కింద నల్లబడి పగుళ్ళిచ్చిన పొర, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి, అన్నిటికన్నా పైన ఇంకా ఎర్రగా ఉన్నది. తడి కుంకుమలో వేలిగీతలు అట్లాగే ఎండిపోయి ఉన్నాయి. కొడవలి కోసిన పాత గాటు ఆ గీతలకు అడ్డంగా పడి ఉంది. ఆ గాటు ఎవరి వేలిదో నాకు తెలుసు. ఆ చేతి అన్నమే నేను తిన్నాను.

కుంకుమకు వేలు తగలకుండా రాయిని అంచుల దగ్గర పట్టుకున్నాను.

"నీకు తెలిసిపోయిందని అమ్మకు తెలుసా?"

"తెల్వదు. చెప్పబాకు." వదిన వీధి వైపు చూస్తూ తన నుదుటి మీద చేయి పెట్టుకుంది. బొట్టు పైసా అంత పెద్దదిగా ఉంది. "ఆమె సూస్తాదనే ఇది పెట్టుకుంటాండా. లేకుంటే నాకెందుకు?"

చట్టం మార్చాను. రాతి పొడిని ఊదాను, తుడవలేదు. బొమ్మను మళ్ళీ పడుకోబెట్టాను. దాని మీద మచ్చ లేదు, ముడత లేదు. ఏమీ ఎరగనట్టు నవ్వబోతూనే ఉంది.

పొద్దువాలే వేళకు అమ్మ చేని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే గోడ దగ్గరికి పోయింది. చట్టాన్ని తడిమింది.

"ఎవురు తెచ్చినారురా నీ దగ్గరికి?"

"నేనే తీసుకపోయినా."

"వెనక ఏమన్నా సూసినావా?"

వదిన పొయ్యి ముందు నుంచి కదల్లేదు.

"వెనక ఏముంటాదమ్మా" అన్నాను. "రాయే గదా."

అమ్మ చాలాసేపు నా ముఖం చూసింది. తర్వాత కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోతూ, "అవును, రాయే" అంది.