బురదలోకి దిగిన తాడు

మా రేంజర్ గారు పోయారు. రాజమండ్రి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "నాన్నగారు తెల్లారకుండానే వెళ్లిపోయారండి" అంది. నేను ఆయన కింద ఫారెస్టరుగా చాలాకాలం పనిచేశాను.

గోదావరి సముద్రంలో కలిసేచోట మడ అడవిని లెక్కకట్టమన్నారు మమ్మల్ని. ప్రతి చెట్టూ లెక్కపెట్టలేం. అక్కడక్కడా మేకు పాతి, దానికి తాడు కట్టి చుట్టూ తిప్పి, ఆ చుట్టులో పడిన చెట్లను బట్టి అడవి మొత్తాన్ని అంచనా వేస్తాం. పలచటి అడవని తేలితే నేల రొయ్యల చెరువులకు పోతుంది. తుఫాను గాలికి ఆ చెట్లే అడ్డుగా బతికే జాలరి ఊళ్లకు ఇక దిక్కుండదు.

మా పై అధికారి పొట్టి తాడు చాలన్నాడు. "చెట్టు ఎక్కడైనా చెట్టేగా! చిన్న చుట్లు వేసి వారంలో తేల్చేయండి."

"మడ చెట్లు గుంపులుగా ఉంటాయండి. చిన్న చుట్టు గుంపు మీద పడితే అడవంతా దట్టం, ఖాళీలో పడితే అడవే లేదు. తాడు పెంచితే రెండూ లోపలికొస్తాయండి," అన్నారు మా రేంజర్ గారు.

"బురదంటే అంత ఇష్టమేంటండి మీకు?"

"బురద కడుక్కుంటే పోద్దండి. తప్పు లెక్క పోదండి."

పొట్టి తాడుతో మేమంతా కాలు ఆనేచోటే మేకు పాతేవాళ్లం. గట్టి నేల మీద చెట్లు తక్కువ. పైగా చిన్న చుట్టులో అంచు మీది ఒక్క చెట్టు చాలు, లెక్క తలకిందులు కావడానికి. ఆయన మోకాలి లోతు బురదలో వంగి, తాడును మొదలుకు ఆనించి, "లోపలేనయ్యా, రాసుకో" అనేవారు. మధ్యాహ్నం పడవలో కళ్లు మూసుకుని ప్రార్థన. ఆమేన్ అనగానే చెయ్యి నా క్యారియర్లో చేపముక్క మీదికే.

చివరికి పై అధికారి మాట పక్కనపెట్టి రేంజర్ గారే తాడు పెంచారు. ఆ పొడుగు తాడు ఎక్కడ తిప్పినా లెక్కలు దగ్గర దగ్గరగా వచ్చాయి. అడవి మిగిలింది. ఆయన్ని కలప డిపోకి బదిలీ చేశారు. పేరు పై అధికారికి వచ్చింది.

మొన్న చర్చిలో ఆ పెద్దమనిషి మైకు పట్టుకుని, "పెద్ద చుట్లు వెయ్యమని నేనే చెప్పాను. పాపం, మాట విన్నాడు" అన్నాడు. నేను లేవబోతే వాళ్లమ్మాయి చెయ్యి పట్టుకుంది. "ఇవాళొద్దు బాబాయ్ గారూ." ఆ రోజుకి ఆగాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

సమాధుల తోట వానకు చిత్తడిగా ఉంది. అందరం బురదలో దిగాం. పై అధికారి మాత్రం సిమెంటు దారి మీద నుంచే గుప్పెడు మట్టి విసిరాడు. అది గోతి అంచు మీద పడి ఆగింది. లోపలో బయటో వంగి చూసి చెప్పే మనిషి అప్పటికే కిందికి దిగిపోయారు.